బోరు మోటారు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర ఒక పల్లెటూరు. సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. నాన్నకు రెండున్నర ఎకరాల పొలం ఉంది. వంశధార ఎడమ కాలువ శివారు ఆయకట్టు కావడంతో ఖరీఫ్‌లోనే నీళ్ళు అంతంతమాత్రం, రబీకి బోరే దిక్కు. పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్., ఆపైన పరిశోధన చేయాలని నా కోరిక. ఆహారం, శక్తి, నీరు మూడింటినీ కలిపి చూసే పరిశోధనలు విదేశీ విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్నాయని చదివి, ఆ దారిలో వెళ్ళాలనుకుంటున్నాను. వంశధార పరీవాహక ప్రాంతం మొత్తానికి కంప్యూటర్ నమూనా తయారు చేయమని మా సార్ ఒకరు సలహా ఇచ్చారు. మా మావయ్య మాత్రం అదంతా కాగితాల చదువు, సచివాలయం పరీక్షకో బ్యాంకు పరీక్షకో కూర్చోమంటున్నాడు. సోలార్ పంపు పెట్టించుకోవాలా వద్దా అని నాన్న నన్ను అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఈ చదువు మా ఊరికి పనికొస్తుందా? ఏ అంశం తీసుకోవాలి? నా ఇంగ్లీషు కూడా అంత బాగుండదు.
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోని ప్రశ్నలన్నింటిలోకీ మీ నాన్నగారు అడిగిన ప్రశ్నే నాకు గొప్పగా కనిపించింది. సోలార్ పంపు పెట్టించుకోవాలా వద్దా చెప్పాలంటే కరెంటు సంగతి తెలిస్తే సరిపోదు. భూమిలో నీరు ఎంత ఉందో తెలియాలి. రబీలో ఏ పంట వేయబోతున్నారో కూడా తెలియాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా తప్పు సలహా ఇస్తారు. మీరు చదవాలనుకుంటున్న శాస్త్రం సరిగ్గా ఇదే. అందుకే ముందు ఆయనకు జవాబు వెతుకుదాం, చదువు, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం.

మొదట మీ బోరు మోటారు ఎంత పని చేస్తున్నదో కొలవండి. 200 లీటర్ల డ్రమ్మును నీళ్ళు పడే చోట పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూసి రాసుకోండి. 50 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే సెకనుకు 4 లీటర్లు. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీటిమట్టం నేలకు 25 మీటర్ల లోతున ఉందనుకుందాం. సెకనుకు 4 కిలోల నీటిని 25 మీటర్లు ఎత్తడానికి కావలసింది 981 వాట్లు, దాదాపు ఒక కిలోవాటు. ఐదు హెచ్‌పీ మోటారు లైను నుంచి తీసుకునేది నాలుగు కిలోవాట్ల వరకు ఉంటుంది. అంటే నాలుగు పాళ్ళ కరెంటులో ఒక్క పాలు మాత్రమే నీటిని పైకి తెచ్చింది. మిగిలిన మూడు పాళ్ళు మోటారు వేడికి, అరిగిన పంపుకు, సన్నగొట్టంలో రాపిడికి పోయాయి.

ఇదే లెక్కను పంట వైపు నుంచి చూడండి. ఎకరం రబీ వరికి సీజను మొత్తం మీద 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతారనుకుంటే, అది సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు. అంత నీటిని 25 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 330 యూనిట్లు చాలు. నాలుగో వంతు సామర్థ్యంతో నడిచే మీ పంపుకు 1,300 యూనిట్లు దాటుతాయి. అదే పొలంలో, వరి కోతల వేళ నేలలో మిగిలిన తేమ మీదే మినుమో పెసరో చల్లితే, మన జిల్లాల్లో తాతల నాటి నుంచీ చేస్తున్నట్టు, ఆ యూనిట్లు దాదాపు సున్నా. పైగా పప్పుజాతి పంట వేళ్ళలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. ఆ మేరకు తర్వాతి పంటకు యూరియా తగ్గుతుంది. యూరియా తయారీకి సహజవాయువు కావాలి కాబట్టి అక్కడా శక్తి మిగులుతుంది. ఇక ఏ పంట మీద ఎంత డబ్బు చేతికొస్తుందో, ఇంటికి ఏ తిండి గింజలు కావాలో మీ నాన్నగారికి మీకంటే, నాకంటే బాగా తెలుసు. ఆ లెక్క ఆయననే అడిగి పక్క గడిలో రాయండి.

మన రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. రైతుకు బిల్లు రాదు కాబట్టి పంపులో పోయే ఆ మూడు పాళ్ళు ఆయనకు కనిపించవు. ఉచిత విద్యుత్తు తీసేయాలని నేను అనడం లేదు. కాలువ నీరు ఉచితానికి దగ్గరగా వాడుకునే ఎగువ రైతుతో పోలిస్తే, శివారు రైతు బోరు తవ్వించడానికే అప్పులపాలయ్యాడు. అతనికి ఆ మాత్రం ఊరట న్యాయం. అయితే కనిపించని నష్టాన్ని కనిపించేలా చేయడం ఇంజనీరు పని. ఆ నష్టం విద్యుత్ సంస్థ పద్దులో, ఎక్కడో మండే బొగ్గులో, చివరకు మనందరి పన్నుల్లో తేలుతుంది.

ఇప్పుడు సోలార్ సంగతి. పలకలు బిగించాక ఎండకు డబ్బు కట్టనక్కర్లేదు, బొగ్గు కాలదు. ఇంతవరకు మంచిదే. కానీ కరెంటు రోజులో కొన్ని గంటలే రావడం ఇన్నాళ్ళూ భూగర్భజలానికి తెలియకుండానే ఒక కాపలాగా ఉంది. సోలార్ పంపు ఎండ ఉన్నంతసేపూ పైసా ఖర్చు లేకుండా తోడుతుంది. మీ ఊరు సముద్రానికి ఎంత దూరమో మీరు రాయలేదు. తీరానికి దగ్గరైతే మరో సంగతి గుర్తుంచుకోవాలి. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్‌ల సూత్రం చెబుతుంది. మీ హైడ్రాలజీ పుస్తకంలో చదివే ఉంటారు. దాన్ని తిరగేసి చదవండి: పైన ఒక మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి రావచ్చు. నేల తీరును బట్టి ఈ అంకె మారుతుంది, కానీ దారి మాత్రం అదే.

కాబట్టి నా సలహా ఇది. ఈ ఏడాది దీపావళి నాటికి ఒకసారి, మే చివర ఒకసారి బోరులో నీటిమట్టం కొలవండి. రెండుసార్లూ నీటి ఉప్పదనాన్ని చెప్పే విద్యుత్ వాహకత చూడండి, చేతిలో పట్టే చిన్న మీటరు సరిపోతుంది. వచ్చే దీపావళికి నీరు మళ్ళీ పాత మట్టానికి వచ్చి, ఉప్పదనం పెరగకపోతే సోలార్ గురించి ఆలోచించవచ్చు. మట్టం ఏటికేడాది దిగుతుంటే మాత్రం వద్దు. ముందు లోతుకు తగిన పంపు, సరైన సైజు గొట్టం మార్పించండి. ఇంకొక దారి కూడా ఉంది. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో, లైనుకు కలిపి ఉన్న మోటార్లకు సోలార్ బిగించి మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్ముకునే ఏర్పాటు పెట్టారు. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి గ్రామ రైతులు అంతకంటే ముందే, అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ తోడ్పాటుతో సహకార సంఘంగా ఏర్పడి అలా అమ్మారు. తోడని నీటికి కూడా రైతు చేతిలో డబ్బు పడితే భూగర్భజలానికి కొత్త కాపలా దొరుకుతుంది. మన ప్రాంతంలో అది ఎంతవరకు కుదురుతుందన్నది, నన్నడిగితే, పరిశోధనకు తగిన ప్రశ్న.

ఇక మీరు చదివిన విదేశీ పరిశోధనల గురించి. 2011 నవంబరులో జర్మనీలోని బాన్ నగరంలో నీరు, శక్తి, ఆహార భద్రతల మీద జరిగిన సదస్సుతో ఈ ఆలోచనకు ప్రపంచమంతటా పేరు వచ్చింది. తర్వాత అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ దీనికోసమే ఒక ప్రత్యేక నిధుల కార్యక్రమం నడిపింది. ప్రపంచంలో నదుల నుంచి, భూమి నుంచి మనుషులు తీసుకునే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతుందని, వాడే శక్తిలో దాదాపు 30 శాతం పొలం నుంచి పళ్ళెం దాకా సాగే ఆహార వ్యవస్థకే ఖర్చవుతుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. పర్యావరణ ఇంజనీర్లు ఈ రంగంలో మురుగునీటి నుంచి భాస్వరం, నత్రజని వెనక్కి తీయడం, వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తయారీ, సోలార్ పలకల నీడలో పంటలు పండించడం వంటి వాటి మీద పని చేస్తున్నారు. వాటన్నింటికీ ఆధారం మీరు రెండో ఏడాదిలో నేర్చుకున్న పదార్థ సమతుల్యతే: లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది, మధ్యలో ఎంత నిలిచింది.

అయితే ఈ ఆలోచన పేరుతో వచ్చే పత్రాల్లో చాలావాటిని నేను ఇష్టపడను. నీటి అధ్యాయం, కరెంటు అధ్యాయం, పంట అధ్యాయం విడివిడిగా రాసి చివర మూడు వృత్తాల బొమ్మ గీస్తారు. ఒకచోట చేసిన పొదుపు ఇంకొకచోట ఎవరి నెత్తిన భారమై పడిందో చూపించిన పరిశోధనే నా దృష్టిలో నిజమైనది. అలా చూపించకపోతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సోంపేటలో బీల అని పిలిచే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు, అవి పనికిరాని భూములన్నట్టుగా కాగితాలు నడిచాయి. ఆ బీలలో చేపలు పట్టుకునేవారు, పశువులు మేపుకునేవారు, ఆ నీటితో వరి పండించుకునేవారు ఆ కాగితాల్లో ఎక్కడా లేరు. 2010 జులై 14న, వద్దని అడ్డుకున్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మీ పక్కనే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, తంపర అనే చిత్తడి భూముల దగ్గర, మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్ళీ అదే విషాదం. శక్తి ఒక శాఖ, నీరు ఒక శాఖ, చేపలు ఇంకో శాఖ. ఎవరి లెక్క వారికి సరిపోయింది. ఎకరం బీల ఏడాదికి ఎన్ని కిలోల చేపలు, ఎంత గడ్డి, ఎన్ని ఎకరాలకు తడి ఇస్తుందో ముందే ఒక పట్టిక ఉండి ఉంటే, దాన్ని ఎవరో ఒకరు న్యాయంగా బల్ల మీద పెట్టగలిగేవారు. అలాంటి పట్టిక తయారు చేయడం కాగితాల చదువు కాదని మీ మావయ్య గారికి చెప్పండి.

అంశం విషయానికి వస్తే, వంశధార మొత్తానికి నమూనా చేసే పని ఎం.టెక్.లో పెట్టుకోవద్దు. మీ సార్ సలహా చెడ్డదని కాదు. నది పుట్టేది ఒడిశాలో, సముద్రంలో కలిసేది కళింగపట్నం దగ్గర. నీటి పంపకం మీద రెండు రాష్ట్రాల వివాదానికి 2010లో ట్రిబ్యునల్ వేస్తే తీర్పు 2017లో వచ్చింది. అంత పెద్ద యంత్రాంగం ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడిన అంకెలతో మీరు రెండేళ్ళలో, ఒక్కరే, తెర మీద రంగుల పటాలు తెప్పించవచ్చు గానీ, వాటిని పొలంలో సరిచూసుకునే వీలు మీకు ఉండదు. చేతితో కొలిచి అనుభవం వచ్చాక, పీహెచ్‌డీలో ఆ నమూనా మీదకు వెళ్ళండి. అప్పుడు ఏ అంకెను నమ్మాలో మీకే తెలుస్తుంది.

మీ ఊరి పిల్లకాలువ ఒక్కటి తీసుకోండి. దాని కింద ఓ పాతిక ముప్పై ఎకరాలు ఉంటాయేమో. వరిని ఎప్పుడూ నీటిలో నిలబెట్టకుండా, ఆరనిచ్చి మళ్ళీ తడిపే పద్ధతిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చాలాకాలంగా ప్రచారం చేస్తోంది. అందులో వాడే పరికరం ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క, అంతే. అడుగు పొడవు, అరచేయి పట్టేంత వెడల్పు. కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగం మట్టిలోకి దిగేలా గట్టుకు దగ్గరలో పాతుతారు. లోపలి మట్టి తీసేస్తే, నేల కింద నీరు ఎక్కడ ఉందో గొట్టంలో కనిపిస్తుంది. నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు జారినప్పుడు మళ్ళీ తడి ఇస్తే దిగుబడి తగ్గదు. పూత దశలో మాత్రం, దానికి ముందూ వెనుకా వారం రోజులు, నీరు నిలిపి ఉంచాలి. నీటి వాడకంలో 30 శాతం దాకా ఆదా అవుతుంది. నీరు నిలవని నేలలోకి గాలి వెళ్ళడంతో, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా బాగా తగ్గుతుంది.

ఇది పుస్తకంలో ఉన్నది. పుస్తకంలో లేనిది మీ నాన్నగారి మనసులో ఉంది. మళ్ళీ అడిగినప్పుడు నీళ్ళు వస్తాయన్న నమ్మకం ఉన్నవాడే చేను ఆరబెట్టగలడు. కాలువ ఎప్పుడొస్తుందో తెలియని శివారు రైతు, వచ్చిన రోజే గట్లు తెగేదాకా నింపుకుంటాడు. అతనిది తెలియనితనం కాదు, ముందుచూపు. మరి వంతుల వారీ తేదీలు ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే రైతులు ఎంతమేరకు చేను ఆరనిస్తారు? వంతు తప్పినప్పుడు బోరును ఎన్ని గంటలు నడుపుతారు? ఎకరానికి ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు, ఎన్ని బస్తాలు? ఈ అంకెలు ఒకే పొలంలో, ఒకే సీజనులో కలిపి కొలిస్తే నీరు, శక్తి, ఆహారం ఒకదాన్నొకటి ఎలా లాగుతున్నాయో బయటపడుతుంది. పంట సంగతుల్లో సందేహాలు వస్తే రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానానికో, నైరా వ్యవసాయ కళాశాలకో వెళ్ళి అడగండి. మీథేన్ కొలతకు వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం కావాలి, దాన్ని పీహెచ్‌డీకి వదిలేయండి.

పొలం పని కుదరకపోతే పలాస ఉంది. జీడి పిక్కలు ఉడికించడానికి నీరు, కట్టె. కొట్టాక మిగిలే తొక్కలో ఘాటైన నూనె. దాన్ని నేరుగా కాలిస్తే కళ్ళు మండే పొగ. నూనె తీసి, మిగిలిన తొక్కను గాలి తగలకుండా వేడి చేస్తే బొగ్గూ వస్తుంది, మండే వాయువూ వస్తుంది. ఒక బట్టీ తన తొక్కతోనే తన వేడిని సమకూర్చుకోగలదా అన్నది చక్కటి సమస్య. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు నానబెట్టిన నీటి మీద, ఊక బూడిద మీద కూడా పని ఉంది. కానీ నా ఓటు పిల్లకాలువకే.

ఉద్దానం గురించి ఒక మాట. మీ జిల్లా నుంచి ఎవరు నీటి పరిశోధనకు వచ్చినా, అక్కడి కిడ్నీ జబ్బు మీద పని చేయాలని మనసు లాగుతుంది. ఆ మనసు మంచిదే. అయితే ఆ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. నీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో పని, తగినంత నీరు తాగకపోవడం ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. పది బోర్ల నీరు పరీక్షించి కారణం కనిపెట్టానని ఎవరూ రాయకూడదు. ఆ మాట పత్రికకెక్కితే ఎన్నో ఇళ్ళలో భయం పుడుతుంది. మీరు చేయగలిగింది వేరే ఉంది. హిరమండలం జలాశయం నుంచి అంతదూరం పంపు చేసి తెస్తున్న మంచినీటికి లీటరుకు ఎంత కరెంటు పడుతోంది, ఊళ్ళలోని ఆర్.ఓ. యంత్రాలు వదిలేసే నీరు ఎటు పోతోంది, ఏ ఇంటికి ఏ నీరు నిజంగా చేరుతోంది. ఏ ఊళ్ళో నమూనా తీసుకున్నా ఫలితాన్ని ఆ ఇంటివారికి తెలుగులో రాసి ఇవ్వండి. నమూనాలు ఇచ్చీ ఇచ్చీ, జవాబు రాక విసిగిపోయిన మనుషులు వాళ్ళు.

ఇప్పుడు మావయ్య గారి మాట. ఆయన భయం అర్థం లేనిది కాదు. పీహెచ్‌డీ అంటే ఐదేళ్ళు తేలిగ్గా గడిచిపోతాయి, ఈలోగా తోటివారు ఉద్యోగాల్లో స్థిరపడతారు. అందుకని నేరుగా పీహెచ్‌డీ అనకుండా ముందు ఎం.టెక్. చేయండి. ఎం.టెక్. ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కు ప్రత్యేక పేపరు ఉంది, సివిల్ చదివినవారు రాయవచ్చు. గేట్ అర్హతతో సీటు వస్తే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం. తర్వాత పరిశోధనకు వెళితే, 2023లో పెంచిన ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆపైన 42,000, దానికి ఇంటి అద్దె భత్యం అదనం. ఇంటి మీద భారం వేయకుండా చదువుకోవచ్చని ఆయనకు ఈ అంకెలు చూపించండి. ఎం.టెక్. రెండేళ్ళలో పొలం గట్టు మీద నిలబడి కొలవడం మీకు నచ్చిందో లేదో తేలిపోతుంది. నచ్చకపోతే ఆ పట్టాతోనే కాలుష్య నియంత్రణ మండలి, భూగర్భజల శాఖ, నీటి శుద్ధి కేంద్రాలు, కన్సల్టెన్సీల వైపు వెళ్ళవచ్చు. సీటు ఎంచుకునేటప్పుడు సంస్థ పేరు కంటే ఒక్క సంగతి వాకబు చేయండి: ఆ గైడు విద్యార్థులు పొలానికి వెళుతున్నారా, లేక ఎవరో కొలిచిన అంకెలతోనే పని కానిస్తున్నారా?

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. పరిశోధన పత్రాల ఇంగ్లీషు కథల ఇంగ్లీషు కంటే తేలిక. అవే క్రియలు, అవే వాక్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. రోజుకు ఒక పత్రంలో పద్ధతుల భాగం మాత్రం చదివి, దాన్ని తెలుగులో మీ మాటల్లో రాసుకోండి. ఆర్నెల్లలో చదవడం వచ్చేస్తుంది, ఏడాదికి రాయడం వస్తుంది. రైతులతో మాట్లాడి నిజం రాబట్టడానికి మాత్రం మీ తెలుగే కావాలి. ఆ పని విదేశం నుంచి వచ్చిన ఏ శాస్త్రవేత్తా మీ అంత బాగా చేయలేరు.

ఒక జాగ్రత్త. మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో చూడడానికి స్టార్టర్ డబ్బా తెరవాల్సి వస్తుంది. తడి చేతులతో, ఒంటరిగా ఆ పని చేయవద్దు. ఊళ్ళోని ఎలక్ట్రీషియన్ని పిలిచి క్లాంప్ మీటరు పెట్టించండి. మొదటి కొలతలు చేతికొచ్చాక వాటిని రాసి పంపితే, అంశాన్ని ఏ రూపంలో ప్రతిపాదించాలో అప్పుడు వివరంగా రాస్తాను.